వెళ్లని గురువారాలు

“నవ్వవే. ఏడుపొస్తే నవ్వుతూ ఏడు,” అంది పిన్ని, తను మాత్రం పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ.

పిట్ట నవ్వింది. ఎదురుగా సోఫాలో కూర్చున్న టీచరమ్మ కూతురు కూడా నవ్వింది. ఆవిడకి తెలుగు రాదు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆ ఇంటికి మిగిలిన అదృష్టం అదొక్కటే.

ఆవిడ వచ్చి పావుగంటయింది. బెల్లు మోగగానే, పై అంతస్తులో లిఫ్టు ఆగిపోయిందని ఎవరో పిలవడానికి వచ్చారనుకుని లిఫ్టు మెకానిక్ అయిన బాబాయి బనీను మీద చొక్కా తగిలించుకున్నాడు. తీరా చూస్తే కళ్లద్దాల షాపు నడిపే ఒక పెద్దావిడ. యాపిల్ పళ్ల సంచీ పిన్ని చేతిలో పెట్టి, పిట్ట రెండు చేతులూ పట్టుకుని, ఇప్పటిదాకా వదల్లేదు. ఆవిడ వచ్చింది థాంక్స్ చెప్పడానికి.

పిన్నికీ పిట్టకీ నిన్నటినుంచి తిండి సయించడంలేదు. తిట్టడానికి ఎవరైనా వస్తే ఏం చెప్పాలో వంటింట్లో గుసగుసగా అనుకుని పెట్టుకున్నారు. థాంక్స్‌కి మాత్రం ఎవరూ సిద్ధపడలేదు.

“మీరు లేకపోతే అమ్మ ఎప్పుడో దిగులుతోనే పోయేది,” అంది టీచరమ్మ కూతురు జపనీస్‌లో. “ఎన్ని కాగితాలు! ఎంత బాగా రాశారు!”

“ఏమంటోంది?” అని అడిగాడు బాబాయి.

“బాగా రాశానంటోంది బాబాయ్.”

“మరి! మా అన్నయ్య కూతురంటే ఏమనుకుంది!” అన్నాడు బాబాయి. పదకొండేళ్లుగా ఈ దేశంలో ఉన్నా ఆయనకి వచ్చిన జపనీస్ అంతా లిఫ్టులో ఇమిడిపోతుంది: తలుపులు మూసుకుంటున్నాయి, బరువు ఎక్కువైంది, దయచేసి ఒకరు దిగండి.

చిన్నప్పుడు వసపిట్టలా వాగేదని పిట్ట అన్నారు. యూనివర్సిటీలో జపనీస్ చదవడానికి వచ్చాక రెండు భాషల్లోనూ మాట తగ్గింది. పేరు మాత్రం మిగిలింది.

ఆ యూనివర్సిటీలో ఒక పద్ధతుంది. పరాయి దేశం నుంచి వచ్చి భాష నేర్చుకునేవాళ్లు వారానికోసారి, ఊళ్లో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ ఇంటికో పెద్దాయన ఇంటికో వెళ్లి గంటసేపు మాట్లాడి రావాలి. ఏం మాట్లాడుకున్నారో ఒక కాగితం మీద రాయాలి. కింద ఆ పెద్దవాళ్ల సంతకం ఉండాలి. ఒక కాపీ క్లాసుకి, ఒక కాపీ వాళ్ల పిల్లలకి. వీళ్లకి భాష వస్తుంది, అక్కడ అమ్మనో నాన్ననో వారానికోసారి ఎవరో ఒకరు చూసినట్టుంటుంది. ఈ ఏర్పాటు చేసినవాళ్లు చాలా మంచివాళ్లయి ఉండాలి. మంచివాళ్లు కాబట్టే, ఎవరైనా వెళ్లకుండా రాస్తారని వాళ్లకి తట్టలేదు.

పిట్టకి వచ్చిన పెద్దావిడ టీచరమ్మ. నలభై ఏళ్లు బడిలో పాఠం చెప్పి రిటైరయింది. తప్పు మాట్లాడితే ఊరుకోదు. ఒక్క వాక్యాన్ని ఆరుసార్లు చెప్పించి, ఏడోసారి బాగుందనేది. చేతులు వణుకుతాయి కాబట్టి సంతకానికి ఐదు నిమిషాలు పట్టేది. ఒక గురువారం ఎందుకో చెయ్యి కుదురుగా ఉంది. “మళ్లీ ఇలాంటి రోజు ఎప్పుడొస్తుందో,” అని కొత్త సెమిస్టరుకి ఇచ్చిన ఖాళీ కాగితాలన్నిటి మీదా సంతకాలు చేసి ఇచ్చేసింది.

ఆ తర్వాతి వారమే పిన్నికి నడుం పట్టేసింది. పిన్ని ఆస్పత్రి దుప్పట్ల లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. గురువారాలు అక్కడ పని ఎక్కువ, సెలవివ్వరు.

“నా కార్డు పంచ్ కొట్టి నా చోట నిలబడవే. ఒక్క వారమేగా. ఆవిడ సంతకాలు ఎలాగూ పెట్టేసింది, ఏదో ఒకటి రాసి పడెయ్,” అంది పిన్ని.

ఒక్క వారం కాస్తా ఏడు వారాలయింది. పిన్ని నడుం బాగున్న గురువారాలు కూడా వాటిలో ఉన్నాయి. కాగితం మీది టీచరమ్మ ఒక్క తప్పూ పట్టదు. అడిగినవాటికన్నిటికీ ముచ్చటగా జవాబు చెబుతుంది. ఆవిడకి అలవాటు పడ్డాక అసలావిడ దగ్గరికి వెళ్లడం కష్టమైపోయింది. మూడో కాగితాన్ని క్లాసులో లెక్చరర్ అందరికీ చదివి వినిపించి, వినడమంటే ఇలా వినాలి అన్నాడు కూడా.

నిన్న యూనివర్సిటీ నుంచి ఫోనొచ్చింది. టీచరమ్మ శనివారం పొద్దున వంటింట్లో నేల మీద పడి ఉండగా పక్కింటాయన చూశాడట. ఆస్పత్రిలో ఉంది. మాట పడిపోయింది.

టీచరమ్మ కూతురు బ్యాగులోంచి ఒక ఫైలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఈ సెమిస్టరు కాగితాలన్నీ తేదీల వారీగా, ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి. పెళ్లి ఫోటోల ఆల్బమ్‌ని కూడా ఎవరూ అంత జాగ్రత్తగా పట్టుకోరు.

“ఇది చూడండి, నాలుగోది. అమ్మ చిన్నప్పుడు ఏరు ఈదేదట! అవతలి ఒడ్డుకి వెళ్లి, బట్టలు ఆరేదాకా చెట్టుకింద కూర్చుని వచ్చేదట!” ఆవిడ కాగితం మీద వేలు పెట్టి పిట్టకే చూపించింది. “నాకు యాభై నాలుగేళ్లు. నన్ను నీళ్ల దరిదాపులకి వెళ్లనిచ్చేది కాదు. పిరికిది అనుకునేదాన్ని. మొహం మీదే అన్నాను కూడా. ఇప్పుడు తెలిసింది. నాతో చెప్పలేదు, మీతో చెప్పింది.”

ఏరు పిట్టదే. ఒడ్డూ, చెట్టూ పిట్టవే. బస్సులో కూర్చుని, రెండు స్టాపుల మధ్య కల్పించింది.

“ఏమందే? కళ్లు తుడుచుకుంటోందేంటి?” అంది పిన్ని యాపిల్ తొక్క తీస్తూ.

“వాళ్లమ్మకి ఈత వచ్చని ఏడుస్తోంది.”

“వస్తే ఏడవడం దేనికి?”

“రాదు పిన్నీ.”

పిన్ని చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది. బాబాయి ఆ మాట పట్టించుకోలేదు. పెద్దావిడకి మర్యాద చెయ్యడంలో ఉన్నాడు. ప్లేటులో ముక్క తీసుకోమని చేత్తో చూపించి, ఆవిడ తీసుకోకపోయేసరికి తనే తిన్నాడు.

“మీ సాయం ఒకటి కావాలి,” అంది టీచరమ్మ కూతురు. “డాక్టరుకి ఒకటి అంతుబట్టడంలేదు. గురువారం సాయంత్రం మీరు చూసినప్పుడు అమ్మ బాగానే ఉంది కదా. శుక్రవారం రాత్రి పడి ఉంటుంది, శనివారం పొద్దున దొరికింది. ఒక్క రాత్రికే కిడ్నీలు ఇంత పాడవ్వవట. లోపల ఇంకేదో జబ్బుందని అనుమానం. రేపు పొద్దున ఎనిమిదింటికి వీపులోంచి కిడ్నీలోకి సూది దింపి ముక్క తీస్తారు. ఈ వయసులో, ఈ నీరసంలో రక్తం ఆగకపోవచ్చు, ప్రమాదమే అని ముందే చెప్పారు. సంతకం పెట్టి వచ్చాను.”

ఆవిడ పిట్ట చేతులు మళ్లీ తన చేతుల్లోకి తీసుకుంది.

“గురువారం అమ్మకి కాళ్లు వాచి ఉన్నాయా? నీళ్లు తాగిందా? మాటల్లో ఏమైనా తేడా అనిపించిందా? గుర్తు తెచ్చుకుని రెండు ముక్కలు చెప్పండి. డాక్టరుకి అదే ఆధారం అట.”

“ఏమంటోంది? మొహం అలా అయిపోయిందేంటే నీది?” అంది పిన్ని. “నవ్వు!”

“రేపు సూది దింపుతారంట పిన్నీ, కిడ్నీలోకి. నా మూలంగా.”

“నీ మూలంగా ఏంటి? నువ్వేమన్నా డాక్టరువా?”

“ఆవిడ పడింది శుక్రవారం కాదేమో! బుధవారమే పడిందేమో! మూడు రాత్రులు ఆ నేల మీదే ఉందేమో. నేను గురువారం వెళ్లుంటే చూసేదాన్నిగా?”

బాబాయి నోట్లో యాపిల్ ముక్క అలాగే ఉండిపోయింది.

“వెళ్లుంటే ఏంటి? వెళ్లావుగా?”

పిన్ని తొక్క తీస్తూనే ఉంది. తొక్క అయిపోయాక కూడా తీస్తోంది.

“కాగితం ఉందిగా? సంతకం ఉందిగా?”

“సంతకాలు ముందే పెట్టి ఇచ్చింది బాబాయ్. మిగతాది నేను రాశాను.”

ప్రతి లిఫ్టులోనూ గోడకి ఒక తనిఖీ కార్డుంటుంది. తాళ్లు చూసి, బ్రేకు చూసి, తలుపులు చూసి, అప్పుడు సంతకం పెట్టాలి. చూడకుండా పెట్టినవాడు బాబాయి దృష్టిలో మనిషిని చంపినవాడితో సమానం. ఈ ఉపన్యాసం ఆ ఇంట్లో భోజనాల దగ్గర వారానికి రెండుసార్లు ఉంటుంది. పెరుగు దగ్గరికి వచ్చేసరికి ముగుస్తుంది. పిట్ట దాన్ని ఏడాదిన్నరగా వింటోంది.

“చూడకుండా రాశావా?” అన్నాడు బాబాయి. “నా ఇంట్లో కూర్చుని? ఎన్నిసార్లు?”

“బాబాయ్, ఆవిడ చూస్తోంది. నవ్వు.”

“నవ్వుతూనే ఉన్నాగా! ఇంతకన్నా ఎలా నవ్వుతారే? ఎన్నిసార్లు?”

“ఏడు.”

“బాబాయిగారు ఏమంటున్నారు?” అంది టీచరమ్మ కూతురు మర్యాదగా.

“యాపిల్స్ చాలా బాగున్నాయంటున్నారు,” అంది పిట్ట.

ఆవిడ సంతోషించి ఒక చేత్తో ప్లేటు బాబాయి వైపు జరిపింది. బాబాయి ఇంకో ముక్క తినక తప్పలేదు. మనిషి కోపంతో యాపిల్ నమలడం పిట్ట మొదటిసారి చూసింది.

“చెప్పెయ్,” అన్నాడు బాబాయి నమలడం అయ్యాక. “ఇప్పుడే. ఇక్కడే.”

“చెబితే?” పిన్ని నవ్వు చెదరలేదు గానీ గొంతు సన్నగా అయింది. “యూనివర్సిటీ వాళ్లు దండ వేసి ఉంచుకుంటారా? పెట్టె సర్దించి పంపేస్తారు. హామీదారు అని మీరు పెట్టిన సంతకం మర్చిపోయారా? నా కార్డు మీద ఇది పనిచేసిందని లాండ్రీలో తెలిస్తే నా పనేం కావాలి?”

“నీ కార్డు మీదా?”

బాబాయి అప్పటిదాకా ఒక నేరం గురించే కోప్పడుతున్నాడు. రెండోది వచ్చేసరికి ఎటు తిరిగి కోప్పడాలో తెలియక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ముసలావిణ్ణి ఒంటరిగా వదిలేసి, నువ్వు ఇంట్లో పడుకుని, చిన్నపిల్ల చేత…”

“పడుకోలేదు. లేవలేకపోయాను. రెండూ ఒకటి కాదు,” అంది పిన్ని. పిట్ట వైపు తిరిగింది. “ఒసేయ్, విను. కాళ్లు వాచి ఉన్నాయని చెప్పు. నీళ్లు తాగలేదని చెప్పు. నాకెందుకో అనుమానంగానే ఉందని చెప్పు. అప్పుడు ఆ డాక్టరే ఆలోచిస్తాడు. ఏడు కాగితాలు రాసినదానివి, ఈ నాలుగు మాటలు రావా?”

పిట్ట పిన్ని మొహంలోకి చూసింది.

“ఆ నాలుగు మాటలకి వాళ్లు ఇంకేదో మందిస్తారు పిన్నీ.”

పిన్నికి తన మాట తనకే వినబడినట్టుంది. చెవి దగ్గర జుట్టు సర్దుకుని, కత్తిని ప్లేటు పక్కన పెట్టింది.

వాళ్ల మౌనాన్ని టీచరమ్మ కూతురు తన దుఃఖానికి ఇచ్చిన గౌరవం అనుకుంది.

“అమ్మ కుడిచెయ్యి కొంచెం కదుపుతోంది,” అంది పిట్టతో. “అవును అయితే ఒత్తు, కాదంటే వదిలెయ్ అన్నాడు డాక్టరు. నీ పేరు ఇదేనా అంటే ఒత్తింది. మీ అబ్బాయా అని నన్ను చూపిస్తే వదిలేసింది, అంటే తెలివి సరిగ్గానే ఉంది. గురువారం ఆ అమ్మాయి వచ్చిందా అని అడిగాడు. గట్టిగా ఒత్తింది. మళ్లీ అడిగాడు. మళ్లీ ఒత్తింది.”

పిట్ట చేతులు ఇంకా ఆవిడ చేతుల్లోనే ఉన్నాయి. చూపించడానికన్నట్టు ఆవిడ రెండుసార్లు ఒత్తింది.

“ఏమందే?” అంది పిన్ని.

“నేను గురువారం వచ్చానని టీచరమ్మ చెప్పిందంట.”

ఇంట్లో ముగ్గురూ ఒక్కసారే నవ్వడం మర్చిపోయారు.

మాట పడిపోయి, మంచం మీద, ముక్కులో గొట్టంతో, ఆవిడ పిట్టని కాపాడుతోంది. ఆరుసార్లు సరిదిద్దితేగానీ ఒక వాక్యాన్ని వదలని మనిషి ఇన్ని అబద్ధాల మీద చెయ్యి పెట్టి అవునంది. దాని ధర రేపు పొద్దున ఎనిమిదింటికి తన వీపులోంచి చెల్లించబోతోంది. ఆవిడకి ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. చెప్పినా ఒత్తేదేమో. పిట్టకి ఆ రెండో ఆలోచనే భరించరానిదిగా ఉంది.

“నేను గురువారం రాలేదు,” అంది జపనీస్‌లో.

ఈ దేశం వచ్చాక ఇంత చిన్న వాక్యం కోసం ఇంత కష్టపడలేదు. అన్నాక ఏమీ జరగలేదు. టీచరమ్మ కూతురు తల ఊపి, పిట్ట చెంప మీద చెయ్యి వేసింది.

“అలా అనుకోకండి. ఇంకాసేపు ఉండి ఉంటే బాగుండేది, ఉన్నా లేనట్టే అనిపిస్తోంది కదూ? నాకూ అంతే. పదహారు రోజులైంది నేను ఫోన్ చేసి. మీ కాగితం వస్తోంది కదా, అమ్మ కులాసాగానే ఉంది కదా అనుకున్నాను. మీరు వారం వారం వెళ్లారు. కూతుర్ని, నేను వెళ్లలేదు.”

“కాదు. నిజంగా రాలేదు.”

“బల్ల మీద రెండు కప్పులున్నాయి. నా చేత్తో నేనే కడిగాను.”

చేతులు వణుకుతాయని టీచరమ్మ ఆ కప్పులు బుధవారమే సర్దిపెట్టుకుంటుంది, నిదానంగా, ఒక్కొక్కటే. పిట్ట మొదట్లో వెళ్లిన రోజుల్లో తనే చెప్పింది. ఏడు బుధవారాలు అలా సర్దింది కాబోలు.

“అమ్మ అబద్ధం చెప్పదు,” అంది టీచరమ్మ కూతురు. మెత్తగానే అంది గానీ ఆ మాట దాటి ఇంకెవరూ లోపలికి రాకూడదన్నట్టు అంది.

పిట్ట తెలుగులోకి తిరిగింది. “పిన్నీ, నమ్మడంలేదు. నా మాట నమ్మడంలేదు. నేనెక్కడున్నానో నువ్వు చెప్పు.”

“నాకేం భాష వచ్చే?”

“లాండ్రీలో మాట్లాడతావుగా!”

“నేను చెబుతా,” అని లేచాడు బాబాయి. లేచి, తనకి తెలిసిన వాక్యాలన్నీ మనసులో తిప్పి చూసుకున్నాడు. తలుపులు, బరువు, దయచేసి ఒకరు దిగండి. ఏదీ పనికొచ్చేది కాదు. కూర్చున్నాడు.

పిన్ని చేతులు కొంగుకి తుడుచుకుంది. తడి ఏమీ లేదు. అయినా రెండుసార్లు తుడుచుకుంది. ఈ ఏడాదిన్నరలో పిట్ట పిన్నిని ఎన్నో రకాలుగా చూసింది. ఇలా, లాండ్రీ సూపర్‌వైజరు ముందు నిలబడినట్టు నిటారుగా నిలబడగా చూడలేదు.

“గురువారం,” అంది పిన్ని జపనీస్‌లో. “నాలుగు గంటలు. ఈ పిల్ల, లాండ్రీ. నేను, ఇల్లు. నడుం నొప్పి.” ఆగింది. ఇంకో మాట కావాలి. ఇస్త్రీలో దుప్పటి కాలినప్పుడు అనే మాట ఒకటుంది, అది తెచ్చుకుంది. “తప్పు నాది.”

చిత్రంగా, టీచరమ్మ కూతురు ఈ ముక్కల్ని వెంటనే నమ్మింది. చక్కటి వాక్యాల మీద ఆవిడకి అప్పుడే నమ్మకం పోయినట్టుంది.

ఆవిడ పిట్ట చేతులు వదిలేసింది. విసరలేదు. ఎవరి వస్తువో వాళ్లకి ఇచ్చినట్టు పిట్ట ఒళ్లో పెట్టింది. తర్వాత ఒక్క మాట కూడా అనకుండా ఫోన్ తీసి ఆస్పత్రికి చేసింది. వార్డు అడిగింది, డాక్టరుని అడిగింది. ఆయన వచ్చేదాకా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. వచ్చాక, “చెప్పవలసినవాళ్లు ఇక్కడున్నారు,” అని ఫోను పిట్టకి ఇచ్చింది.

డాక్టరు గొంతు అలసటగా, దయగా ఉంది. పిట్ట చెప్పింది విని, గురువారం ఎవరూ చూడలేదన్నమాట, అన్నాడు. బుధవారం పొద్దున చెత్త సంచీ బయట పెడుతుంటే పక్కింటాయన చూశాడట, ఆ తర్వాత ఎవరూ లేరు, అవునా? అవునంది పిట్ట. అయితే మూడు రోజుల దాకా పడి ఉండొచ్చు, అన్నాడు. ఏదో రాసుకుంటున్న చప్పుడు.

“ఇంకొక్కటి. అంతకుముందు ఆవిడ ఆరోగ్యం ఎలా ఉండేదో తెలియాలి. మీరు చివరిసారి చూసినది ఎప్పుడు?”

పిట్ట తలెత్తింది. టీచరమ్మ కూతురి ఒళ్లో ఫైలు నాలుగో కాగితం దగ్గర తెరిచే ఉంది. ఆవిడ పోగొట్టుకున్నది ఒక్క గురువారమే. మిగతా ఆరూ ఆవిడ దగ్గరే ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్లలో.

“అంతకుముందు గురువారం అను,” అంది పిన్ని చిన్నగా, తెలుగులో. ఈసారి బెదిరింపు లేదు. బతిమాలుతున్నట్టుంది. “అంతవరకు చాలే. ఆవిడకి అవైనా ఉండనీ.”

బాబాయి నేల చూస్తున్నాడు.

“హలో?” అన్నాడు డాక్టరు. “పోయిన వారం కాళ్లవాపు ఏమైనా గమనించారా?”

“నాకు తెలియదు,” అంది పిట్ట. “నేను చూసి ఏడు వారాలైంది.”

అది ఆయనకి ఒక అంకె, అంతే. పర్వాలేదు, ఇది చాలు, అన్నాడు. ఆయన గొంతులో అలసట తగ్గింది కూడా. ఇన్ని రోజులు పడి ఉంటే కిడ్నీలు ఇలా అవడం సహజమే, రేపటి సూది ఆపేద్దాం, సెలైన్‌తో కోలుకునే అవకాశం ఉంది, వాళ్ల అమ్మాయికి ఒకసారి ఫోన్ ఇస్తారా, అన్నాడు.

పిట్ట ఫోన్ చాచింది.

టీచరమ్మ కూతురు అందుకోలేదు. చివరి కాగితం నుంచి వెనక్కి తిప్పుతోంది. ఏడోది, ఆరోది, ఐదోది. ప్రతిదాని దగ్గరా ఒక్క క్షణం ఆగి, అడుగున ఉన్న సంతకం మీద వేలు పెట్టి, మళ్లీ తిప్పుతోంది. మొదటి కాగితం కూడా అయిపోయాక ఫైలు మూసింది. మూసిన ఫైలు మీద రెండు చేతులూ పెట్టుకుని, ఇక్కడ ఎవరూ లేనట్టు కూర్చుంది.

పిట్ట చెయ్యి చాచే ఉంది. అందులో డాక్టరు, ఎవరూ వినడంలేదని తెలియక, వాళ్లమ్మ బతుకుతుందని చెబుతూనే ఉన్నాడు.